చలికాలమంతా పట్టా కప్పి ఉంచిన సిమెంటు విగ్రహం పెచ్చులూడింది: తోటలోని ఫౌంటెన్‌నూ మట్టి బొమ్మలనూ కాపాడుకోవడం ఎలా?

ప్రశ్న: వంశధార తీరం (కళింగపట్నం సమీపం)

అందరికీ నమస్కారం. మా ఇల్లు సముద్రానికి సుమారు రెండు కిలోమీటర్ల దూరంలో ఉంది. ఉపాధ్యాయ వృత్తి నుంచి విరమించిన తరువాత ఇంటి ముందున్న ఖాళీ స్థలంలో చిన్న తోట పెంచుకుంటున్నాను. అందులో మూడు పళ్లేల సిమెంటు ఫౌంటెన్ ఒకటి, మోకాలెత్తు మట్టి గుర్రాలు రెండు, ధ్యానముద్రలో కూర్చున్న సిమెంటు బుద్ధుడి విగ్రహం ఒకటి, వసారా అంచున వేలాడే ఇత్తడి దీపం ఒకటి ఉన్నాయి. ఇవేవీ ఖరీదైన వస్తువులు కావు. కాని మేము బౌద్ధ స్తూపాలున్న శాలిహుండం కొండ ఎక్కి వచ్చిన సంవత్సరం మా వారు మేస్త్రి పక్కనే నిలబడి ఆ బుద్ధుణ్ణి పోయించారు. ఆయన ఇప్పుడు లేరు. అందుకే ఇంత వివరంగా అడుగుతున్నాను.

విదేశాల్లో తోటలను చలికాలానికి ఎలా సిద్ధం చేస్తారో చెప్పే వ్యాసం ఒకటి మా మేనల్లుడు పంపించాడు. ఫౌంటెన్‌లో నీళ్లు తీసివేయాలనీ, విగ్రహాలకు వాన తగలకుండా కప్పి ఉంచాలనీ అందులో ఉంది. నేను కార్తిక పౌర్ణమి మర్నాడు ఫౌంటెన్ నీళ్లు తోడించి, దానికీ బుద్ధుడికీ నీలం ప్లాస్టిక్ పట్టా కప్పి, గాలికి ఎగరకుండా నేలకు దగ్గరగా తాడుతో బిగించి కట్టించాను. అరసవల్లిలో రథసప్తమి దర్శనం చేసుకుని వచ్చిన మర్నాడు పట్టా విప్పాము. లోపలి వైపంతా చెమట పట్టినట్టు నీటి బొట్లు ఉన్నాయి. విగ్రహం ఎడమ భుజం మీద సన్నని తెల్లటి నూగు లేచి ఉంది. మెత్తని గుడ్డతో తుడిస్తే రూపాయి బిళ్లంత పెచ్చు చేతిలోకి వచ్చింది, దాని వెనుక నుంచి ఇసుక జలజల రాలింది. ఫౌంటెన్ నడిమి పళ్లెం అంచున గోధుమరంగు చారతో ఒక బీట కనిపిస్తోంది. గుర్రాలకు నేను ఏమీ కప్పలేదు, అయినా వాటి కాళ్లు అడుగు నుంచి జానెడు ఎత్తు వరకు పొడిపొడిగా రాలుతున్నాయి.

మన దగ్గర నీరు గడ్డకట్టదు కదా, మరి ఈ నష్టం చలి వల్లనేనా? జరిగినదాన్ని ఇప్పుడు ఎలా సరిచేసుకోవాలి, వచ్చే చలికాలానికి ఏ ఏర్పాట్లు చేసుకోవాలి? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: గచ్చుపని (విజయనగరం)

టీచర్ గారూ, నమస్కారం. ముప్ఫై ఏళ్లు కట్టడాల పనిలో ఇంజినీరుగా ఉండి విరమించినవాణ్ణి. మీ మేనల్లుడు పంపిన వ్యాసంలో తప్పు లేదు, కాని అది నీరు గడ్డకట్టే దేశాల కోసం రాసినది. ఆ దేశాల్లో శత్రువు మంచుగడ్డ. మన తీరంలో శత్రువు ఉప్పు. రెండూ పనిచేసే తీరు మాత్రం దాదాపు ఒకటే కాబట్టి ముందు దాన్ని చెబుతాను.

సిమెంటులోను, కాల్చిన మట్టిలోను, చాలా రకాల రాళ్లలోను కంటికి కనిపించని సన్నని రంధ్రాలు ఉంటాయి. చలి దేశాల్లో ఆ రంధ్రాల్లో చేరిన నీరు గడ్డకట్టేటప్పుడు సుమారు 9 శాతం వ్యాకోచించి, చుట్టూ ఉన్న గోడలను నెట్టి పగలగొడుతుంది. మన దగ్గర ఆ రంధ్రాల్లోకి సముద్రపు గాలితో వచ్చిన ఉప్పు, నేలలోని ఉప్పు, బోరు నీటిలోని ఉప్పు చేరతాయి. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చుకుని తనంతట తానే కరిగిపోతుంది. తేమ అంతకంటే తగ్గితే మళ్లీ గట్టిపడి స్ఫటికాలుగా పెరుగుతుంది. మార్గశిర, పుష్య మాసాల్లో మన తెల్లవారుజాములు మంచుతో తడిసి ఉంటాయి, మధ్యాహ్నాలు పొడిగా ఎండగా ఉంటాయి. అంటే రోజుకొకసారి ఉప్పు కరుగుతుంది, రోజుకొకసారి గట్టిపడుతుంది, గట్టిపడిన ప్రతిసారీ రంధ్రపు గోడను కొంచెం నెడుతుంది. వానాకాలమంతా ఏకధాటిగా తడిసి ఉన్నప్పుడు జరగని నష్టం చలికాలంలో జరగడానికి కారణం ఇదే.

మన దేశంలో కాంక్రీటు పనులకు ప్రమాణంగా తీసుకునే ఐఎస్ 456 నిబంధనావళి 2000 నాటి కూర్పులో, కాంక్రీటు ఏ వాతావరణానికి ఎంత గురవుతుందో చెప్పే పట్టిక ఒకటి ఉంది. అందులో సముద్రపు నీటి తుంపరలు తగిలే కాంక్రీటునూ, తడిగా ఉన్నప్పుడు తీవ్రంగా గడ్డకట్టే చలికి లోనయ్యే కాంక్రీటునూ ఒకే వరుసలో, 'అతి తీవ్రం' అనే తరగతిలో చేర్చారు. మంచు దేశం వారి జాగ్రత్తలన్నీ మనకు పనికిరానివని అనుకోకూడదని చెప్పడానికే ఈ మాట ప్రస్తావిస్తున్నాను. నీళ్లు తోడించడం మంచి పనే. పొరపాటంతా పట్టాను నేలదాకా బిగించడంలో ఉంది. నేల నుంచి లేచిన ఆవిరి బయటికి పోయే దారి లేక లోపలే చల్లబడి బొట్లు కట్టింది. పగలు ఎండకు పట్టా కింద వేడెక్కి ఆరింది, రాత్రి మళ్లీ తడిసింది. ఎండా మంచూ మాత్రమే చేసే పనిని పట్టా ఇంకా ముమ్మరం చేసింది.

ఇక చెయ్యవలసినవి. ముందుగా ఆ తెల్లటి నూగును చిటికెడు తీసి, శుభ్రమైన గాజు గ్లాసులో వాన నీళ్లలో వేసి చూడండి. పూర్తిగా కరిగిపోతే అది ఉప్పు. కరగకుండా అడుగున నిలిచి, దానిమీద నిమ్మరసం చుక్క వేసినప్పుడు బుడగలు వస్తే అది సిమెంటులోంచి ఊరి వచ్చిన సున్నం. సున్నమైతే చూపుకు బాగుండదు గాని విగ్రహానికి పెద్ద ప్రమాదం లేదు. నిమ్మరసం పరీక్ష విడిగా తీసిన పొడి మీదే చెయ్యండి. విగ్రహం మీద నిమ్మరసం గాని, చింతపండు పులుసు గాని, బాత్రూము కడిగే యాసిడ్ గాని పడకూడదు, అవి సిమెంటునూ పాలరాతినీ తినేస్తాయి.

ఉప్పే అయితే, మెత్తని పొడి కుంచెతో నూగును దులిపి, రాలినదాన్ని కాగితం మీద పట్టి దూరంగా పారవేయండి. ముందే నీళ్లు పోసి కడిగితే ఆ ఉప్పు కరిగి తిరిగి లోపలికే పోతుంది. తరువాత అచ్చులేని తెల్ల కాగితాన్ని చింపి వాన నీళ్లలో గాని, ఫిల్టరు నీళ్లలో గాని రాత్రంతా నానబెట్టి, ముద్దలా పిసికి, దెబ్బతిన్న చోట వేలి మందాన పరిచి ఒత్తండి. ఆ ముద్ద నీటిని విగ్రహంలోకి పంపుతుంది, ఆ నీరు ఉప్పును కరిగించుకుంటుంది, ముద్ద పైనుంచి ఆరుతున్న కొద్దీ ఉప్పు నీరు ముద్దలోకి ఎక్కి వస్తుంది. పూర్తిగా ఎండిన తరువాత అట్టలా ఊడదీసి పారవేయండి. మూడు నాలుగు సార్లు ఇలా చెయ్యాలి. ఈ పనికి మాఘ, ఫాల్గుణ మాసాల పొడి వాతావరణమే అనువైనది కాబట్టి మీరు సరైన సమయంలో అడిగారు.

భుజం మీద పోయిన భాగాన్ని పూడ్చడానికి సిమెంటు పాలు ఎక్కువ వేసిన మాలు వాడవద్దని మేస్త్రికి గట్టిగా చెప్పండి. గట్టి అతుకు చుట్టూ ఉన్న బలహీనమైన పాత భాగాన్ని లాగి ఊడదీస్తుంది. సున్నమూ సన్నని నది ఇసుకా కలిపిన మాలు చాలు. ఆరిన తరువాత పలచని సున్నం నీళ్లు రెండు మూడు పూతలు వేయించండి. సున్నపు పూత లోపలి చెమ్మను బయటికి పోనిస్తుంది, ఉప్పు నష్టం చేస్తే తాను రాలిపోయి విగ్రహాన్ని మిగులుస్తుంది.

ఫౌంటెన్ బీట సంగతి వేరు. గోధుమరంగు చార కనిపించిందంటే లోపలి ఇనుప ఊచ తుప్పు పట్టింది. తుప్పు ఇనుము కంటే రెండు రెట్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది కాబట్టి లోపలి నుంచే సిమెంటును చీలుస్తుంది. నేను చెప్పిన పట్టికలోని అతి తీవ్ర తరగతికి ఇనుము మీద కనీసం 50 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండాలని అదే నిబంధనావళి చెబుతోంది. మీ పళ్లెం మొత్తం మందమే అంగుళం, అంటే 25 మిల్లీమీటర్లు ఉంటుందేమో. అందువల్ల పైపైన సిమెంటు పూసి లాభం లేదు. బీట పొడవునా కొట్టించి ఊచను బయటపెట్టి, మెరిసేదాకా తుప్పు గీకించి, జింకు ప్రైమరు పూసి, పాలిమరు కలిపిన మాలుతో పూడ్పించవచ్చు. ఊచ సగానికి సగం తినిపోయి ఉంటే మాత్రం ఆ పళ్లేన్ని మార్చడమే మేలు. కొత్తది పోయించేటప్పుడు ఇనుప ఊచ లేకుండా, ఫైబరు పీచు కలిపిన మాలుతో పోయమనండి. ఖర్చుకు వెనుదీయకపోతే టెక్కలి గ్రానైటుతో చెక్కించుకోవచ్చు. దానిలోకి నీరు చొరబడడం చాలా తక్కువ.

జవాబు: రాజాం నుంచి మిన్నెసోటా

టీచర్ గారికి నమస్కారాలు. మాది రాజాం. ఉద్యోగరీత్యా పదకొండేళ్లుగా అమెరికాలోని మిన్నెసోటాలో ఉంటున్నాను. ఇక్కడ జనవరిలో ఉష్ణోగ్రత సున్నాకు ఇరవై డిగ్రీలు దిగువకు పోవడం మామూలే.

ఇంజినీరు గారు చెప్పినదానికి నా అనుభవం ఒకటి చేరుస్తాను. మొదటి సంవత్సరం మా అమ్మ ఇచ్చి పంపిన మట్టి కుండీని వెనుక వసారాలో వదిలేశాను. నవంబరులో వాన పడి మట్టి తడిసింది, ఆ వారమే గడ్డకట్టింది. ఏప్రిల్‌లో మంచు కరిగాక చూస్తే కుండీ పగలలేదు గాని, ఉల్లిపాయ పొరల్లా పలకలు పలకలుగా విడిపోయి ఉంది. మీ గుర్రాల కాళ్ల గురించి చదివినప్పుడు నాకు అదే గుర్తుకొచ్చింది.

ఇక్కడివారు చేసేది ఇది. ఫౌంటెన్ నీళ్లు తీసి, గొట్టాల్లో మిగిలిన నీటిని గాలితో ఊది ఖాళీ చేస్తారు. పంపు విప్పి ఇంట్లోకి తెస్తారు. విడదీయగలిగిన పళ్లేలను బోర్లిస్తారు. మట్టి వస్తువులన్నిటినీ గ్యారేజీలోకి చేరుస్తారు. మోయలేని పెద్ద విగ్రహాలకు కింద చెక్క ముక్కలు పెట్టి నేలనుంచి ఎత్తుతారు, లేకపోతే అడుగుభాగం నేలలోని తడితో కలిసి గడ్డకడుతుంది. కప్పే గుడ్డ విషయంలో ఇక్కడ కూడా జాగ్రత్తపడతారు. తోట సామగ్రి కోసం అమ్మే తొడుగులకు గాలి ఆడే చిల్లులు ఉంటాయి, అడుగున చుట్టూ ఖాళీ వదిలిపెడతారు. గాలి ఆడని పట్టాను బిగించి కట్టమని ఎవరూ చెప్పరు. వ్యాసంలో ఆ ఒక్క మాట జారిపోయి ఉంటుంది.

జవాబు: బొబ్బిలి పెరడు

ఇంత శ్రమ అవసరమా అని నా అభిప్రాయం. భవనాల పైకప్పులకు వేసే వాటర్‌ప్రూఫ్ రసాయనం రెండు పూతలు విగ్రహానికీ గుర్రాలకూ వేయించండి. నీరు లోపలికే పోకపోతే ఉప్పు ఎలా పోతుంది? నేను మా తోటలోని సిమెంటు కొంగలకు మూడేళ్ల కిందట వేశాను, ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

జవాబు: గచ్చుపని (విజయనగరం)

బొబ్బిలి పెరడు గారూ, మీ కొంగలు బాగున్నందుకు సంతోషం. అయితే బొబ్బిలి సముద్రానికి దూరం, మీ కొంగలు పూత వేసే నాటికి కొత్తవి, పొడివి. టీచర్ గారి విగ్రహంలో ఉప్పు ఇప్పటికే ఉంది. పైన రబ్బరు పొరలాంటి పూత వేస్తే, నేలనుంచి పైకెక్కే చెమ్మ బయటికి రాలేక పూత వెనుకనే ఆగుతుంది, ఉప్పు అక్కడే స్ఫటికమై పూతనూ దానికి అంటుకున్న సిమెంటునూ కలిపి ఊడదీస్తుంది. తీరప్రాంతపు ఇళ్లలో పాత సున్నపు గోడలకు ప్లాస్టిక్ పెయింటు వేసినవారికి ఇది అనుభవమే, రెండో ఏటికి రంగు అప్పడంలా ఉబ్బి, గోరు తగిలితే గుప్పెడు గోడ రాలుతుంది. నీటిని రానివ్వకుండా ఆవిరిని మాత్రం పోనిచ్చే సిలేన్ రకపు పూతలు ఉన్నాయి. అవి కూడా ఉప్పు తీసి, పూర్తిగా ఆరబెట్టిన వస్తువుకే పనికివస్తాయి.

మన తూర్పు కనుమల్లో దొరికే ఖొండలైట్ రాతితో కట్టిన కోణార్క ఆలయం శిల్పాలు సముద్రపు గాలికి ఎలా అరిగిపోయాయో చూసినవారికి ఈ విషయం ఇంకా బాగా అర్థమవుతుంది. రాతినే ఉప్పు వదలలేదు.

జవాబు: ఆవం మట్టి (విజయనగరం జిల్లా)

టీచర్ గారూ, మాది కుండలు చేసే కుటుంబం. మా మామగారు గుర్రాలు, ఏనుగులు చేసేవారు, ఇప్పుడు నేనూ మా ఆడపడుచూ చేస్తున్నాం. సిమెంటు గురించి నాకు తెలియదు, మట్టి గురించి మాత్రం చెబుతాను.

ముందు మీ గుర్రాన్ని వేలి కణుపుతో మెడ దగ్గర ఒకసారి, కాలి దగ్గర ఒకసారి తట్టి వినండి. మెడ దగ్గర ఖంగుమని మోగి, కాలి దగ్గర డబ్‌మని మొద్దుగా పలికితే పైభాగం బాగానే ఉందని, కింద లోపల తడి గాని బీట గాని ఉందని అర్థం. రెండు చోట్లా మొద్దుగా పలికితే అది ఆవంలో, అంటే కుండలు కాల్చే బట్టీలో, సరిగ్గా కాలని బొమ్మ. ఆవంలో అంచున పేర్చిన బొమ్మకు మంట అందకపోతే పైకి ఎర్రగా కనిపించినా లోపల నల్లగా పచ్చిగా ఉండిపోతుంది. అలాంటిది బయట ఉంచదగినది కాదు, వసారాలోకి తెచ్చుకోండి.

రాలుతున్నది నేల నుంచి జానెడు ఎత్తు వరకే అన్నారు కాబట్టి తడి పైనుంచి పడినది కాదు, కింది నుంచి ఎక్కినది. మట్టి బొమ్మ దీపపు వత్తిలాంటిది, నేలలో ఉన్నదాన్నంతా పైకి పీలుస్తుంది. నేలలోని ఉప్పు జానెడు ఎత్తు వరకు ఎక్కి, అక్కడ నీరు ఆరిపోయి, ఉప్పు మిగిలిపోతుంది. గుర్రాన్ని నేరుగా మట్టిమీద నిలబెట్టకండి. నున్నటి నాపరాయి పలక పరిచి, దానిమీద నాలుగు కాళ్ల కింద నాలుగు గ్రానైటు ముక్కలు పెట్టి నిలబెట్టండి. ఇటుక పెట్టవద్దు, ఇటుక కూడా మట్టే కాబట్టి అదీ పీలుస్తుంది. బోలు గుర్రమైతే పొట్ట కింద గాలి రంధ్రం ఉంటుంది. మేము కాల్చేటప్పుడు పగలకుండా పెట్టే రంధ్రం అది. కందిరీగలు అందులో మట్టి గూడు కట్టి మూసేస్తాయి. పుల్లతో తెరిచి ఉంచండి, లోపలి చెమ్మ పోయే దారి అదే.

ఉప్పు తీయడానికి మాకు తెలిసినది నానబెట్టడమే. రంగులు వేయని, లోపల ఇనుప తీగ లేని బొమ్మ అయితేనే చెయ్యండి. పెద్ద గంగాళంలో గాని నీళ్ల డ్రమ్ములో గాని వాన నీళ్లు లేదా ఉప్పు లేని మంచినీళ్లు పోసి గుర్రం కాళ్లు మునిగేటట్టు ఉంచి, రెండు రోజులకొకసారి నీళ్లు మార్చండి. మార్చేముందు ఆ నీళ్లు ఒక గరిటెడు స్టీలు పళ్లెంలో పోసి ఎండలో పెట్టండి. ఆరాక పళ్లెంలో తెల్లటి మరక మిగిలితే ఇంకా ఉప్పు వస్తోందన్నమాట. మరక కనిపించనంత వరకు మార్చుతూ ఉండాలి. రెండు వారాలు పట్టవచ్చు, నెల పట్టవచ్చు. ఆ తరువాత నీడలో ఆరబెట్టాలి. తడి బొమ్మను ఒక్కసారిగా ఎండలో పెడితే నెర్రెలిస్తుంది.

వంశధార తీరం (కళింగపట్నం సమీపం)

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఇంజినీరు గారు చెప్పినట్టు పరీక్షించాను. నూగు క్షణంలో కరిగిపోయింది, ఉప్పే. అమ్మా, మీరు చెప్పినట్టే రెండు గుర్రాలనూ తట్టి చూశాను. ఒకటి మెడ దగ్గర గుడి గంటలా మోగింది, కాళ్ల దగ్గర మొద్దుగా ఉంది. రెండవది ఎక్కడ తట్టినా మొద్దుగానే ఉంది. దాన్ని లోపలికి తెచ్చేశాను.

ఇంకో రెండు సందేహాలు. ఇత్తడి దీపానికి ఆకుపచ్చని చిలుము ప్రతి చలికాలంలోనూ పడుతోంది, ఎంత తోమినా నెలకే తిరిగి వస్తోంది. తులసికోట అడుగున కూడా బీట కనిపిస్తోంది. రోజూ నీళ్లు పోసి దీపం పెట్టే కోటను కప్పడం గాని, ఖాళీ చెయ్యడం గాని కుదరదు కదా, దానికి ఏం చెయ్యాలి?

జవాబు: కంచుమోత (శ్రీకాకుళం జిల్లా)

బుడితిలో కంచు, ఇత్తడి పని చేసే బంధువులు మాకు ఉన్నారు, చిన్నప్పటి నుంచి వారి దగ్గర చూసినది చెబుతున్నాను. మీరు దేనితో తోముతున్నారో రాయలేదు గాని, చింతపండు అయితే అది తప్పు కాదు, తోమిన తరువాత చేసేదే ముఖ్యం. చింతపండు పులుపు చిలుమును కరిగిస్తుంది. ఆ పులుపు నగిషీ సందుల్లో మిగిలిపోతే అదే మళ్లీ లోహాన్ని తినడం మొదలుపెడుతుంది. గంటల తరబడి నానబెట్టినా ఇత్తడిలోని జింకు పోయి పైన ఎర్రటి రాగి ఛాయ తేలుతుంది. అయిదు నిమిషాలు తోమి, మంచినీళ్లతో మూడు నాలుగు సార్లు కడిగి, బోరు నీళ్లు తగలనీయకుండా, పొడి గుడ్డతో తుడిచి ఎండలో వేడెక్కనివ్వండి. చెయ్యి పెడితే వెచ్చగా తగిలేటప్పుడు తేనెమైనం ముద్దను మెత్తని గుడ్డలో చుట్టి పలచగా రుద్దండి. ఆ పొర సముద్రపు గాలిని లోహం మీదికి రానివ్వదు. కొబ్బరినూనె రాసే అలవాటు మన ఇళ్లలో ఉంది, కాని నూనె కొన్నాళ్లకు మక్కిపోయి, అందులో పుట్టిన పులుపే రాగితో కలిసి పచ్చని జిడ్డుగా మారుతుంది. మైనం కార్తికానికి ముందు ఒకసారి, సంక్రాంతికి ఒకసారి వేస్తే సరిపోతుంది. వత్తి వెలిగే ప్రమిద భాగానికి వేయనక్కరలేదు.

జవాబు: గచ్చుపని (విజయనగరం)

తులసికోటకు వచ్చే చిక్కు ఏమిటంటే, పోసిన నీరు అడుగు నుంచి పోయే దారి చాలా కోటలకు ఉండదు. మట్టి ఎప్పుడూ తడిసి ఉండి, ఆ తడి గోడల గుండానే బయటికి వస్తుంది. మేస్త్రి చేత అడుగున ఒక పక్కకు వాలుగా చిటికెనవేలు పట్టేంత రంధ్రం తొలిపించి, చిన్న గొట్టం ముక్క పెట్టించండి. మీకు సమ్మతమైతే మొక్కను మట్టితో సహా విడి తొట్టిలోకి మార్చి, ఆ తొట్టిని కోటలో దించుకోవచ్చు. అప్పుడు కోట గోడకు తడి అంటదు, నిత్యపూజకూ ఆటంకం ఉండదు. పైన ఆయిల్ పెయింటు ఉంటే గీకించి సున్నం వేయించండి.

జవాబు: ఉద్దానం కొబ్బరి (కవిటి)

చలికాలం గురించి ఇంత మంచి చర్చ జరిగింది గాని, మనకు చలికాలానికి ముందు వచ్చేది తుపాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీని మా ప్రాంతంలో ఎవరూ మరచిపోలేదు. 2014లో హుద్‌హుద్ కూడా అక్టోబరులోనే, 12న విశాఖను తాకింది. కాబట్టి తోటలో చెయ్యవలసిన ఏర్పాట్లు దసరా నాటికే మొదలుకావాలి.

తిత్లీ రాత్రి మా తోటలో ఫైబరు ఫౌంటెన్‌ను కొబ్బరి చెట్టుకు తాడుతో కట్టి వచ్చాము. మొదట వీచిన గాలికి అది నిలిచింది. తుపాను కేంద్రం మా మీదుగా పోయేటప్పుడు కాసేపు నిశ్శబ్దం, తరువాత గాలి ఎదురు దిక్కు నుంచి తిరిగి కొట్టింది. ఒక పక్కకే కట్టిన తాడు ఎందుకూ పనికిరాలేదు, చెట్టు కూడా నిలవలేదు. తెల్లారి ఫౌంటెన్ ముక్కలు పక్క జీడితోటలో ఏరుకున్నాము. అదే రాత్రి మా నాన్నగారు సిమెంటు ఏనుగును గడ్డి మీద పక్కకు పడుకోబెట్టి చుట్టూ ఇసుక బస్తాలు పేర్చారు, దానికి తొండం కొన కూడా విరగలేదు. తేలికవి ఇంట్లోకి తేవాలి, బరువైనవి చెట్లకు దూరంగా నేలమీద పడుకోబెట్టాలి, ఏ వస్తువునూ చెట్టుకు కట్టకూడదు. వాతావరణ శాఖ తుపాను సూచన 48 గంటల ముందు, హెచ్చరిక 24 గంటల ముందు ఇస్తుంది. ఈ పనులకు 48 గంటల సూచననే గురుతుగా పెట్టుకోండి, మర్నాటికి కూలి మనుషులు దొరకరు.

తుపాను వెళ్లాక ఒక పని మరువకండి. ఆ గాలి సముద్రపు తుంపరలను మైళ్ల దూరం మోసుకొస్తుంది. విగ్రహాలను, పళ్లేలను, ఇత్తడిని మంచినీళ్లతో ఒకసారి కడిగితే ఆ ఉప్పు లోపలికి ఇంకకముందే పోతుంది.

జవాబు: గచ్చుపని (విజయనగరం)

కవిటి వారు చెప్పిన చివరి మాట అక్షరాలా పాటించదగినది. నేను పొడి కుంచె వాడమన్నది నూగు ఇప్పటికే లోపలినుంచి పుట్టిన చోట. గాలి తెచ్చి పైన చల్లిన ఉప్పును మాత్రం వెంటనే నీళ్లతో కడగాలి.

పంపు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. తుపాను సూచన రాగానే ముందు స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి, ఆ తరువాతే నీళ్లలో చెయ్యి పెట్టండి. పంపును బకెట్టెడు మంచినీళ్లలో అయిదు నిమిషాలు నడిపిస్తే లోపలి ఉప్పు కడుక్కుపోతుంది. ముందరి జాలీ విప్పి, తిరిగే చక్రం మీది నాచు తీసి, ఆరబెట్టి ఇంట్లో ఉంచండి. తుపాను తరువాత కరెంటు వచ్చిన మొదటి రోజుల్లో వోల్టేజి నిలకడగా ఉండదు, తొందరపడి బిగించవద్దు. ఫౌంటెన్ లైనుకు, కరెంటు లీకైన వెంటనే దానంతటదే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఎర్త్ లీకేజి బ్రేకరు లేకపోతే, పళ్లేనికి మరమ్మతు చేయించే కంటే ముందు దాన్ని పెట్టించండి. తడి చేతులతో పిల్లలు ముట్టే వస్తువు అది.

నీళ్లు తోడిన తొట్టిలో వాన నీరు మళ్లీ చేరుతుంది. డెంగీ దోమ గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు, ఎండిన తొట్టి గోడకు అంటుకున్న గుడ్లు నెలల తరబడి బతికి ఉంటాయి. అందుచేత దోమలు పెరగకుండా నిలవ నీళ్లు పారబోయడానికి ప్రతి శుక్రవారం పాటించే డ్రై డే నాడు తొట్టిని ఒంపడంతో సరిపెట్టక కొబ్బరి పీచుతో గోడలు రుద్దించండి. బ్లీచింగ్ పౌడరు చల్లవద్దు. దానివల్ల క్లోరైడు ఉప్పు మిగిలి, ఇనుప ఊచకు మళ్లీ అదే చేటు తెస్తుంది.

కప్పడానికి నా సలహా తాటాకు. నాలుగు వెదురు గుంజలు పాతి, విగ్రహం తలకు మూడడుగుల ఎత్తున తాటాకు పందిరి వేయించండి. మంచూ వానా పైనుంచి పడవు, నలువైపులా గాలి ఆడుతుంది. తుపాను సూచన వస్తే పందిరిని విప్పేయాలి, అందుకని ముళ్లు సులభంగా ఊడేటట్టు వేయమనండి.

వంశధార తీరం (కళింగపట్నం సమీపం)

ఉగాది దగ్గరపడుతోంది కాబట్టి ఇంతవరకు జరిగిన పని తెలియజేస్తున్నాను. బుద్ధుడి భుజానికి కాగితపు ముద్ద నాలుగుసార్లు వేశాను. మొదటి అట్ట ఊడదీసినప్పుడు అంచులంతా తెల్లగా మెరిసే పలుకులు ఉన్నాయి, నాలుగవదానికి వెలుగులో పట్టి చూస్తే తప్ప కనిపించలేదు. మేస్త్రి సిమెంటు వేస్తానని పట్టుబట్టాడు, ఈ చర్చ చదివి వినిపించిన తరువాత సున్నపు మాలుకు ఒప్పుకున్నాడు. మా వారు భుజం మీద మడత కోసం స్వయంగా పుల్లతో గీసిన గీత ఒకటి ఉండేది, దాన్ని పాత ఫోటో చూసి తిరిగి గీయించాను.

ఫౌంటెన్ బీట కొట్టిస్తే ఊచ దాదాపు పూర్తిగా తుప్పయి ఉంది. నడిమి పళ్లేన్ని తీసివేశాము, ప్రస్తుతానికి రెండు పళ్లేలతోనే నడుస్తుంది. బ్రేకరు పెట్టించాను. ఇత్తడి దీపానికి మైనం వేసి మూడు వారాలయింది, ఇంకా పచ్చదనం లేదు.

గుర్రం డ్రమ్ములోనే ఉంది. అమ్మా, మీరు చెప్పినట్టు ప్రతిసారీ స్టీలు పళ్లెంలో గరిటెడు నీళ్లు పోసి డాబా మీద పెడుతున్నాను. మొదటి రోజు పళ్లెం మధ్యలో ముగ్గు పెట్టినట్టు తెల్లటి వలయం మిగిలింది. నిన్న తొమ్మిదోసారి మార్చినప్పుడు అంచున వెంట్రుకంత సన్నని గీత మాత్రమే కనిపించింది. ఇంకో రెండుసార్లు మార్చి, వసారా నీడలో ఆరబెడతాను. నాపరాయి పలకా గ్రానైటు ముక్కలూ తెప్పించి ఉంచాను.